గైడు లేకుండా సాన్ హువాన్ పాతబస్తీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను చలికాలం సెలవుల్లో ఎక్కడికి తీసుకెళ్లాలన్నది పెద్ద చర్చే. మంచు ఉండొద్దు, కొత్త వీసా అడగొద్దు, చూడ్డానికి పాత కట్టడాలు ఉండాలి అంటే చాలామంది లెక్క ప్యూర్టోరికో దగ్గర తేలుతోంది. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ దీవి రాజధాని సాన్ హువాన్ గురించే. గైడును పెట్టుకోకుండా, మ్యాపు చేతబట్టుకొని సొంతంగా నడిచి చూడాలనుకునేవాళ్ల కోసం ఈ జవాబులు.

మా బిడ్డ, అల్లుడు అట్లాంటాలో ఉంటరు. డిసెంబర్ల మా ఇద్దరినీ ప్యూర్టోరికో తీస్కపోతమంటున్నరు. మాది విజిటర్ వీసా. దీవి అంటున్నరు గదా, మళ్ల వీసా కావాల్నా?
*(ఓ పాఠకురాలు, హన్మకొండ)*

అక్కర్లేదమ్మా. ప్యూర్టోరికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉన్న భూభాగం. అట్లాంటా నుంచి అక్కడికి పోవడం అంటే దేశం లోపలి విమానమే. ఇమిగ్రేషన్ లైను ఉండదు, డబ్బు కూడా డాలరే. అయితే పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వెళ్లొద్దు. విమానాశ్రయంలో మీ గుర్తింపు కార్డు అదే. ఐ-94 (అమెరికాలో ఏ తేదీ దాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ప్రింటు ఒకటి అందులోనే మడిచి పెట్టుకోండి, ఎవరైనా అధికారి అడిగితే వెతుక్కునే పని ఉండదు. మీ ఐ-94 తేదీ లోపలే తిరుగు ప్రయాణం ఉందో లేదో టికెట్ కొనకముందే అల్లుడిని చూడమనండి.

సాన్ హువాన్ నుంచి ఓడెక్కి వేరే దీవులు తిరిగే ప్యాకేజీలు కూడా అమ్ముతారు. ఆ లెక్క వేరు. కొన్ని రేవులు వేరే దేశాలవి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో నిబంధన ఉంటుంది. ఊరు చూడ్డానికి వెళ్తున్నప్పుడు దాని జోలికి పోవద్దు.

డిసెంబర్‌లో అక్కడి గడియారం అట్లాంటా కంటే గంట ముందు నడుస్తుంది. వేసవిలో మాత్రం రెండు చోట్లా ఒకటే టైం.

ఒక్క రోజే ఉంటం. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలె? ఏది ముందు, ఏది వెనుక?
*(ఓ పాఠకుడు, జగిత్యాల)*

ఈ ఊళ్లో దూరం సమస్య కాదు, వరుసే సమస్య. పాతబస్తీ మొత్తం ఒక చిన్న దీవి కొసన ఉంటుంది. ఆ కొస నుంచి ఈ కొసకు సుమారు మైలున్నర. కానీ రేవు ఉన్న దక్షిణం వైపు నేల పల్లం, సముద్రం ఉన్న ఉత్తరం వైపు మిట్ట. వరుస తప్పితే మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కుడు ఎక్కాల్సి వస్తుంది. మా సలహా ఇది.

పొద్దున ఏడున్నరకల్లా పడమటి గోడలో ఉన్న సాన్ హువాన్ గేటు దగ్గర దిగండి. టాక్సీ డ్రైవర్‌కు ‘పుయెర్తా దె సాన్ హువాన్’ అని చెప్పాలి. ఎర్ర రంగు వేసిన పెద్ద దర్వాజా అది. ఒకప్పుడు ఊరి గోడకు ఐదారు గేట్లు ఉండేవి, పొద్దు గుంకగానే అన్నీ మూసేవాళ్లు. వాటిలో నిలబడి ఉన్నది ఇదే. పైన లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంటుంది, ‘ప్రభువు పేరట వచ్చువాడు ధన్యుడు’ అని. ఓడ దిగినవాళ్లు ఈ గేటు దాటి, ఎదురుగా ఎక్కే వీధిలో నేరుగా కెథడ్రల్‌కు పోయి, క్షేమంగా చేరినందుకు దండం పెట్టుకునేవాళ్లు. గేటు కింద నడిచేటప్పుడు అడుగులు లెక్కపెట్టండి. ఏడెనిమిది అడుగులు వేస్తే గానీ అవతలికి తేలరు. గోడ మందం ఎంతో అక్కడ తెలుస్తుంది.

ముందు గేటు బయటికి వెళ్లి కుడికి తిరగండి. గోడకూ నీళ్లకూ మధ్య ‘పసెయో దెల్ మోర్రో’ అనే కాలిబాట ఉంది. పోను రాను కలిపి రెండు కిలోమీటర్లకు పైగా నడక. దీన్ని పొద్దున్నే ఎందుకు పెట్టామంటే, గోడ మీకు తూర్పున ఉంటుంది కాబట్టి బాటంతా దాని నీడ పడుతుంది. మధ్యాహ్నం తర్వాత వెళ్తే ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది, వేడెక్కిన గోడ నుంచి సెగ కూడా వస్తుంది. దారి పొడుగునా పిల్లులు కనబడతాయి, భయపడాల్సిన పని లేదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఈ బాట ఎల్ మోర్రో అనే కోట అడుగు దాకా పోతుంది గానీ కోటలోకి పోదు. పైన ఎల్ మోర్రో కనబడుతూనే ఉంటుంది, ఎక్కడానికి మెట్లు మాత్రం ఉండవు. వచ్చిన దారినే గేటు దాకా వెనక్కి రావాల్సిందే. మోకాళ్లు బాగా లేనివాళ్లు సగం దాకా పోయి తిరిగొచ్చినా నష్టం లేదు. గోడ ఎత్తు, మూలల్లో వేలాడే కావలి గూళ్లు అక్కడికే బాగా కనిపిస్తాయి.

గేటు లోపలికి వచ్చి ఎదురుగా ఉన్న ‘కలేతా దె సాన్ హువాన్’ ఎక్కితే రెండు నిమిషాల్లో కెథడ్రల్. దాని ముందు చెట్ల నీడ ఉన్న చిన్న తోటలో పది నిమిషాలు కూర్చోండి. కెథడ్రల్ లోపల హువాన్ పొన్స్ దె లియోన్ పాలరాతి సమాధి ఉంది. ఈ దీవిలో స్పెయిన్ వలసకు పునాది వేసినవాడు ఆయనే. అక్కడి నుంచి ‘కాయే దెల్ క్రిస్తో’ వీధి పట్టుకొని ఉత్తరానికి ఎక్కండి. 1532లో కట్టడం మొదలైన సాన్ హోసె చర్చి దాటగానే వీధి విడిపోయి, ఎదుట పచ్చని మైదానం, దాని కొసన కోట కనిపిస్తాయి.

ఎల్ మోర్రోను తొమ్మిదిన్నరకు తెరుస్తారు. నాలుగున్నరకల్లా బయటికి పంపేస్తారు. టైం మారుతుంటుంది కాబట్టి ముందు రోజు నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో చూసుకోవడం మంచిది. 16 ఏళ్లు నిండినవాళ్లకు మనిషికి 10 డాలర్లు, పిల్లలకు ఉచితం. ఆ టికెట్టే అదే రోజు రెండో కోట సాన్ క్రిస్టోబల్‌కూ చెల్లుతుంది, కాబట్టి రసీదు పారేయొద్దు. కార్డు దగ్గర పెట్టుకోండి, నగదు మీద ఆధారపడొద్దు.

ఎల్ మోర్రోకు గంటన్నర ఇవ్వండి. తర్వాత ‘కాయే నోర్సగరాయ్’ మీదుగా తూర్పుకు నడిస్తే సాన్ క్రిస్టోబల్ కోట. కోట నుంచి కోటకు మైలు దూరం. ఎడమ పక్కన సముద్రం, ఎప్పుడూ గాలి వీస్తుంటుంది కాబట్టి పదకొండు గంటల ఎండ అంతగా తెలియదు. తెలియదంటే మాడదని కాదు, టోపీ తీయొద్దు. సాన్ క్రిస్టోబల్‌లో సొరంగాలు, గదులు ఎక్కువ. మిట్టమధ్యాహ్నాన్ని దానికి వదిలింది అందుకే.

అక్కడి నుంచి కిందికి దిగితే కొలంబస్ విగ్రహం ఉన్న ప్లాసా కొలోన్. ఇక ఎక్కుడు లేదు. ‘కాయే ఫోర్తలేసా’ వీధిలో పడమటికి వస్తుంటే హోటళ్లు, దుకాణాలు. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఆ వీధిలో దక్షిణం పక్క ఫుట్‌పాత్ పట్టుకుంటే మధ్యాహ్నం కూడా నీడ దొరుకుతుంది. వీధి చివర లా ఫోర్తలేసా, గవర్నర్ నివాసం. 1533లో మొదలుపెట్టి కట్టిన ఆ భవనంలో ఇప్పటికీ గవర్నరే ఉంటారు. పక్క సందుల్లోకి తొంగిచూస్తూ వస్తే సాయంత్రం నాలుగుకు నడక అయిపోతుంది. అన్నీ కలిపి ఏడెనిమిది కిలోమీటర్లు.

కారు మాత్రం పాతబస్తీలోకి తేవొద్దు. వీధులు సన్నం, చాలావరకు ఒకవైపు దారులే, పార్కింగ్ వెతుక్కోవడంలోనే గంట పోతుంది. విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చేవాళ్లకూ టాక్సీయే నయం, పట్టణ రైలు ఇక్కడి దాకా రాదు. రేవులో పెద్ద ఓడలు ఆగిన రోజు పది గంటలు దాటితే కోటలు కిక్కిరిసిపోతాయి. పొద్దున్నే మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణం.

ఖిలా వరంగల్ పక్కన పుట్టి పెరిగినవాణ్ని. కోటంటే మాకు మట్టికోట, రాతికోట, నాలుగు తోరణాలు. ఒక్క చిన్న ఊరికి అక్కడ రెండు కోటలెందుకు? చూసేటప్పుడు వేటిని గమనించాలి?
*(ఓ పాఠకుడు, శివనగర్, వరంగల్)*

మంచి ప్రశ్న. ఓరుగల్లు కోట తెలిసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది.

ఓరుగల్లుకు శత్రువు ఏ దిక్కు నుంచైనా రావచ్చు. అందుకే గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో కోటను వలయాలుగా కట్టారు. బయట మట్టికోట, లోపల కందకం, దాని వెనక 45 బురుజుల రాతికోట. సాన్ హువాన్‌కు శత్రువు రాగలిగేది రెండే దారుల్లో. ఒకటి సముద్రం నుంచి రేవు నోట్లోకి, రెండోది తూర్పున నేల మీదుగా. ఒక్కో దారికి ఒక్కో తాళం వేశారు.

మొదటి తాళం ఎల్ మోర్రో. మోర్రో అంటే ముట్టెలా పొడుచుకొచ్చిన కొండకొమ్ము. నిజానికి లా ఫోర్తలేసానే ముందు కోటగా కట్టారు. తీరా చూస్తే అది రేవు లోపలికి ఉంది, శత్రువు ఓడ లోపలికి వచ్చేదాకా కనబడదు. తప్పు తెలిసి 1539లో రేవు నోటి దగ్గరే ఎల్ మోర్రో మొదలుపెట్టారు. రెండున్నర శతాబ్దాలు పెంచుకుంటూ పోతే ఆరు అంతస్తులై, నీటి మట్టం నుంచి 145 అడుగుల ఎత్తుకు చేరింది. అంతస్తుకో వరుస ఫిరంగులు. 1595లో ఇంగ్లండ్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ సముద్రం వైపు నుంచి వచ్చి దెబ్బతిని పోయాడు.

మూడేళ్లకు, 1598లో, కంబర్లాండ్ ప్రభువు జార్జ్ క్లిఫర్డ్ ఆ పాఠం చదువుకొని వచ్చాడు. తూర్పున దూరంగా సైన్యాన్ని దించి, నేల మీదుగా ఊళ్లోకి నడిచి, కోటను వెనక నుంచి పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ నిలబెట్టుకోలేకపోయాడు. రక్తవిరేచనాలు సైన్యాన్ని తినేస్తే కొన్ని వారాలకే ఖాళీ చేసి వెళ్లిపోయాడు. 1625లో డచ్చివాళ్లు వచ్చి ఊరిని తగలబెట్టారు, ఎల్ మోర్రో మాత్రం లొంగలేదు. నేల వైపు తలుపు తెరిచే ఉందని తేలాక 1634లో తూర్పు మిట్ట మీద సాన్ క్రిస్టోబల్‌కు పునాది పడింది.

అది నేటి ఆకారానికి రావడం వెనక మరో ఊరి కథ ఉంది. 1762లో బ్రిటిష్‌వాళ్లు స్పెయిన్ చేతిలో ఉన్న క్యూబా రేవు హవానాను పట్టుకున్నారు. అది చూసి ఉలిక్కిపడ్డ స్పెయిన్ రాజు 1765లో సైనికాధికారి అలెహాంద్రో ఓరెల్లీని ఇక్కడికి పంపాడు. ఇంజనీరు థామస్ ఓడేలీ. ఇద్దరూ ఐర్లండ్‌లో పుట్టి స్పెయిన్ కొలువులో చేరినవాళ్లే. 1783 నాటికి పని పూర్తయి, అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టిన కోటలన్నిటిలోకీ పెద్దది తయారైంది. 1797లో అబర్‌క్రాంబీ బ్రిటిష్ సైన్యంతో తూర్పు నుంచే వచ్చి, ఊరు చేరకుండానే వెనుదిరిగాడు.

ఇక గమనించాల్సినవి. సాన్ క్రిస్టోబల్ పైన నిలబడి తూర్పుకు చూడండి. కందకం, దాని అవతల ఒక మెట్ట, మళ్లీ కందకం, మళ్లీ మెట్ట. ఒక వరుస పోయినా వెనక వరుస నుంచి ఫిరంగులు కొట్టడానికి బయటి మెట్టను లోపలి దానికంటే తగ్గులో ఉంచారు. మన మట్టికోట, కందకం, రాతికోట వరుస కూడా ఇదే ఆలోచన, కాలం వేరు, ఆయుధం వేరు. కాకతీయుల రాతిగోడ సున్నం లేకుండా రాయికి రాయి పొదిగింది. నిచ్చెనలు వేసేవాళ్లను, రాళ్లు విసిరే యంత్రాలను ఆపడానికి అది చాలు. ఫిరంగి గుండు తగిలితే గట్టి రాయి పగిలి చెల్లాచెదురవుతుంది. అందుకే సాన్ హువాన్‌లో ఇసుకరాతితో రెండు గోడలు లేపి, మధ్యలో మట్టీ ఇసుకా దట్టించారు. గుండు దెబ్బను ఆ మెత్తని కడుపు మింగేస్తుంది.

మన రాతికోట దర్వాజాలో లోపలికి రాగానే దారి పక్కకు మలుగుతుంది కదా, శత్రువు దూకుడు తగ్గించడానికి. ఎల్ మోర్రోలో ఆ పని ముందున్న మైదానం చేస్తుంది. అది పార్కు కోసం వదిలిన జాగా కాదు. దాక్కోవడానికి చెట్టూ పుట్టా లేకుండా ఖాళీగా ఉంచిన ఫిరంగుల కొట్టుడు చోటు.

సాన్ క్రిస్టోబల్ ప్రధాన ఆవరణ కింద వాన నీళ్లు పట్టుకునే ఐదు పెద్ద తొట్లు ఉన్నాయి. పైకప్పుల మీద, నేల మీద పడిన ప్రతి చుక్కా వాటిలోకి దిగేలా వాలు పెట్టారు. కాకతీయుల చెరువులు చూసిన కళ్లకు ఆ వాలు వెంటనే కనబడుతుంది. సొరంగంలో ఒక చీకటి కొట్టు కూడా ఉంది. ఖైదీ ఎవరో గోడ మీద గీసిన తెరచాప ఓడల బొమ్మలు ఇప్పటికీ అక్కడున్నాయి. తాళ్లు, కొయ్యలు కూడా వదలకుండా గీశాడు. హడావుడిగా పోతే ఇది తప్పిపోతుంది, దారి అడిగి మరీ చూడండి.

ఎల్ మోర్రో మీద మూడు జెండాలు ఎగురుతున్న ఫొటో చూశాం. మూడోది ఏ దేశానిది?
*(ఓ విద్యార్థి, సిద్దిపేట)*

ఒకటి అమెరికాది, ఒకటి ప్యూర్టోరికోది. తెల్ల బట్ట మీద ముళ్లకొమ్మల్లా ఎర్రటి అడ్డగీతలున్న మూడోది బర్గండీ సిలువ. ఈ కోటలు కట్టిన రోజుల్లో స్పెయిన్ సైన్యం ఎగరేసిన జెండా అది.

మోకాళ్ల నొప్పులున్నయి. మెట్లు ఎన్ని? నేను పోవాల్నా, హోటల్‌ల కూసోవాల్నా?
*(ఓ పాఠకురాలు, పెద్దపల్లి)*

తప్పకుండా వెళ్లండమ్మా, కాకపోతే అన్నీ చూడాలని పట్టు పట్టొద్దు. ఎల్ మోర్రోలో వంతెన దాటి లోపలికి వెళ్తే వచ్చే ప్రధాన ఆవరణ మైదానం మట్టంలోనే ఉంటుంది, మెట్లు లేకుండా చేరుకోవచ్చు. రేవు నోరు, గదులు అక్కడి నుంచే కనబడతాయి. కింది ఫిరంగుల వరుసకు దిగే వాలు చాలా నిటారు. దిగడం కంటే ఎక్కడం కష్టం, అది మీరు వదిలేయండి.

మిమ్మల్ని అలసట పెట్టేది మెట్ల కంటే ఆ మైదానమే. రోడ్డు నుంచి కోట తలుపు దాకా అర కిలోమీటరు ఉంటుంది, ఒక్క చెట్టు నీడ లేదు. రామగుండం ఎండ చూసినవాళ్లం, 30 డిగ్రీలు మాకో లెక్కా అనుకుంటారు. మన ఎండ పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. దాహం వేయకపోయినా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. మనిషికి లీటరు నీళ్ల సీసా చేతిలో ఉండాలి. మరుగుదొడ్లు రెండు కోటల్లోనూ ఉన్నాయి.

చీర కట్టుకుంటానంటే ఊళ్లో ఇబ్బంది లేదు. కోట దగ్గర గాలికి కొంగు నిలవదు, పిన్ను పెట్టుకోండి. గొడుగు తిరగబడుతుంది, గడ్డం కింద తాడు కట్టుకునే టోపీ మేలు.

వీధుల్లో నీలంరంగు రాళ్లు పరిచి ఉంటయట. నిజంగా నీలమేనా? ఏం రాయి అది?
*(ఓ పాఠకుడు, ఆర్మూర్)*

రాయి కానే కాదు. ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం పోతపోసి చేసిన దిమ్మెలు. అక్కడ ‘అదోకీన్’ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పరిచినవి. మీ నిజామాబాద్ జిల్లావాళ్లకు చిట్టెం కొత్త కాదు. ఉక్కుకు పేరుమోసిన కోనసముద్రం చుట్టుపక్కల పాత కొలుముల చిట్టెం ఇప్పటికీ కాలికి తగులుతుంది. అదే సరుకును అచ్చులో పోసి వీధికి పరిచారనుకోండి.

ఎండలో చూస్తే బూడిదరంగే. వాన పడి తడిసినప్పుడు, లేదా పొద్దువాలిన వెలుతురులో నీలం తేలుతుంది. ఫొటోల్లో కనిపించే నీలం చాలావరకు తడి నీలం. తడిసినప్పుడే చిక్కు కూడా. నూట పాతికేళ్లుగా బండ్లు తిరిగి పైభాగం గాజులా నునుపుదేరింది. రబ్బరు చెప్పులు, తోలు అడుగున్న బూట్లు జారతాయి. అక్కడి వాన పది నిమిషాలు దంచి వెళ్లిపోతుంది, ఆగాక మరో పావుగంట ఆగి నడవండి. వాలు వీధుల్లో దిమ్మెల మీద కాకుండా పక్కనున్న ఫుట్‌పాత్ మీద దిగండి. అడుగున గాళ్లు ఉన్న నడక బూట్లు తప్పనిసరి. కొత్తవి కొని అదే రోజు వేసుకుంటే మాత్రం బొబ్బలు గ్యారంటీ, వారం ముందు నుంచే వాడండి.

మాది శుద్ధ శాకాహారం. ఏం తినాలి? ఏమని అడగాలి?
*(ఓ పాఠకురాలు, కరీంనగర్)*

అరటికాయ ఉన్నన్నాళ్లూ అక్కడ ఆకలికి భయం లేదు. ‘తొస్తోనెస్’ అంటే పచ్చి అరటికాయ ముక్కలను ఓసారి వేయించి, చదును చేసి, మళ్లీ వేయించినవి. ఉప్పు చల్లి ఇస్తారు. ‘అమరీయోస్’ మాగిన కాయ ముక్కల వేపుడు, తియ్యగా ఉంటుంది. మాంసం వేపుడు నూనె వేరేగా ఉందా అన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి.

మోసపోయేది ‘మొఫోంగో’ దగ్గర. వేయించిన అరటికాయను వెల్లుల్లితో రోట్లో దంచి ముద్దగా చేస్తారు. చూస్తే శాకాహారమే. కానీ దంచేటప్పుడు పంది తోలు వేపుడు కలపడం అక్కడి అలవాటు, పైన పోసే రసం కోడిది కావచ్చు. అన్నం, బీన్స్ కూర కూడా అంతే, బీన్స్‌ను పంది మాంసం ముక్కతో ఉడికిస్తారు. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే ముక్కలు ఏరేసి పెట్టే ప్రమాదం ఉంది. విడివిడిగా చెప్పాలి. ‘సిన్ కార్నె’ అంటే మాంసం వద్దు, ‘సిన్ హమోన్’ అంటే పంది ముక్క వద్దు, ‘సిన్ కాల్దో’ అంటే మాంసం రసం వద్దు. ఆడవాళ్లు ‘సోయ్ వెహెతరియానా’ అనాలి, మగవాళ్లు ‘వెహెతరియానో’. పాతబస్తీలో ఇంగ్లిష్ చాలామందికి వచ్చు గానీ, ఈ నాలుగు ముక్కలు వాళ్ల భాషలో చెబితే వంటగది దాకా సరిగ్గా చేరతాయి.

వీధిలో బండి మీద మంచుదిమ్మ గీకి, కోన్ ఆకారంలో నింపి, రంగు షర్బత్ పోసి ఇచ్చేది ‘పిరాగువా’. మన ఐస్ గోలానే. చింతపండు రుచి అడిగి చూడండి, అక్కడ ‘తమరిందో’ అంటారు.

హోటల్ బిల్లులో పన్ను వేరుగా పడుతుంది. వడ్డించినవాళ్లకు మరో 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. నలుగురి భోజనం లెక్క వేసేటప్పుడు మెనూ ధర మీద పావు వంతు కలుపుకోండి.

ఏడేళ్ల మనవడు వెంట ఉంటడు. కోటలు చూసి విసుగుపడడా? మా కొడుకు డ్రోన్ తెస్తనంటున్నడు.
*(ఓ పాఠకుడు, మంచిర్యాల)*

ఎల్ మోర్రో మైదానం గాలిపటాల అడ్డా. గాలి నిలకడగా ఉంటుంది, చెట్లూ కరెంటు తీగలూ లేవు, పటం చేతిలోంచి వదలగానే లేస్తుంది. దగ్గర్లోనే అమ్ముతారు. మామూలు దారమే, మాంజా ఆలోచన చేయొద్దు. కోట లోపల టికెట్ దగ్గర జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి. పిల్లలు కోటంతా తిరిగి జవాబులు నింపి ఇస్తే బ్యాడ్జి పెడతారు. మనవడు మీకంటే ఎక్కువ చూస్తాడు.

డ్రోన్ ఇంట్లోనే ఉండనివ్వండి. రెండు కోటలూ నేషనల్ పార్క్ సర్వీస్ కిందివి, అక్కడ డ్రోన్ ఎగరేయడం నిషేధం.

కోటగోడ అవతల సముద్రం ఒడ్డున రంగురంగుల ఇళ్లు ఉంటయి గదా, అక్కడికి దిగొచ్చా?
*(ఓ పాఠకుడు, కాజీపేట)*

అది లా పెర్లా అనే బస్తీ. జనం కాపురముంటున్న ఇళ్లు, చూపుడు బొమ్మలు కావు. ఫొటోలు తీయడం అక్కడివాళ్లకు నచ్చదు. తెలిసినవాళ్లు లేకుండా దిగొద్దు, చీకటి పడ్డాక అసలే వద్దు. నోర్సగరాయ్ వీధి గోడ మీద నుంచి కెరటాలతో సహా మొత్తం కనబడుతుంది. దాని పక్కనే తెల్ల పాలరాళ్లతో నిండిన పాత శ్మశానం సముద్రానికి ఎదురుగా ఉంది. ఎల్ మోర్రో మైదానం అంచు నుంచి చూస్తే చాలు.

అదే ఖర్చుతో డొమినికన్ రిపబ్లిక్‌ల సాంతో దొమింగో చూడొచ్చని మావాళ్లు అంటున్నరు. ఏది మేలు?
*(ఓ పాఠకుడు, హుజూరాబాద్)*

పాతదనం కావాలంటే సాంతో దొమింగోదే పైచేయి. 1502లో వేసిన ‘కాయే లాస్ దామాస్’ వీధి, అదే ఏడాది మొదలైన ఒసామా కోట, కొలంబస్ కొడుకు దియెగో కట్టించుకున్న భవనం, అమెరికా ఖండాల్లోకెల్లా మొదటి కెథడ్రల్, అన్నీ ఒక గంట నడకలో ఉంటాయి. నేల దాదాపు చదును కాబట్టి మోకాళ్లకు సుఖం.

అయితే అది వేరే దేశం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయ పాస్‌పోర్టుతో వేరే వీసా లేకుండా పర్యటనకు వెళ్లొచ్చు. వెళ్లేముందు ‘ఈ-టికెట్’ అనే ప్రవేశ పత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ సైట్‌లో అది పూర్తిగా ఉచితం, డబ్బు అడుగుతున్న సైట్ అయితే బయటికి వచ్చేయండి. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ మళ్లీ మొదటి నుంచి ఉంటుంది కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. వయసు మీదపడినవాళ్లకు ఆ లైను మళ్లీ నిలబడే ఓపిక ఉందా అన్నదే అసలు లెక్క. లేదంటే సాన్ హువానే మేలు. కోటల గొప్పతనంలో అది ఎవరికీ తీసిపోదు. మన రామప్పకు 2021లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదా ఈ కోటలకు 1983లోనే వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పండ్లు, మొక్కలు తెచ్చుకోవచ్చా?
*(ఓ పాఠకురాలు, నర్సంపేట)*

దేశం లోపలి విమానమే అయినా సాన్ హువాన్ నుంచి బయల్దేరేటప్పుడు ఒక అడ్డంకి ఉంది. సామాను కౌంటర్‌లో ఇవ్వకముందే వ్యవసాయ శాఖ వాళ్ల యంత్రంలో పెట్టి చూపించాలి. పురుగులు, తెగుళ్లు అమెరికా తోటలకు పాకకుండా ఈ తనిఖీ. మామిడి లాంటి తాజా పండ్లు, మట్టితో ఉన్న మొక్కలు చాలావరకు తీసేస్తారు. కాఫీ పొడి, వేయించిన గింజలు, మిఠాయిలు తెచ్చుకోవచ్చు. తనిఖీ అయిన పెట్టెకు స్టిక్కర్ వేస్తారు. అది లేకుండా నేరుగా కౌంటర్‌కు పోతే మళ్లీ వెనక్కి పంపుతారు, రద్దీ రోజుల్లో ఆ లైనుకే అరగంట పడుతుంది. ఆ అరగంటను కూడా కలుపుకొని హోటల్ నుంచి బయల్దేరండి.